బల్ల మీది పూతపనికి ఒక చిన్న పవర్ సప్లై

చిన్న వస్తువులకు రాగి, నికెల్ పూత వేయడానికి పవర్ సప్లై కొనాలనుకునేవారు దుకాణంలో మొదట అడిగేది అది ఎన్ని ఆంపియర్లు ఇస్తుందని. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముప్పై వోల్టులు, పది ఆంపియర్లు అని పెద్ద అక్షరాలతో రాసిన పెట్టెలే ముందుగా కనిపిస్తాయి. బల్ల మీద, లీటరు బీకరులో చేసే పూతపనికి ఆ రెండు అంకెలూ దాదాపు అక్కరకు రావు. ఆ పెట్టె ఒక వోల్టు దగ్గర, పావు ఆంపియరు దగ్గర ఎంత నిలకడగా ఉంటుందన్నదే అసలు చూడవలసిన విషయం. దాన్ని మాత్రం పెట్టె మీద ఎవరూ రాయరు.

ఒక లెక్క చూద్దాం. రెండు వైపులా కలిపి ఇరవై చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉన్న ఇత్తడి పతకం ఒకటి మన దగ్గర ఉందనుకుందాం. నికెల్ పూతకు వాడే వాట్స్ ద్రావణంలో (నికెల్ లవణాలు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో) చదరపు డెసిమీటరుకు రెండు ఆంపియర్ల చొప్పున పెడితే ఆ పతకానికి కావలసింది 0.4 ఆంపియర్లు. వెండికి సాధారణంగా అందులో సగం, అంటే 0.2 ఆంపియర్లు చాలు. పది ఆంపియర్ల సప్లైలో కరెంటు మార్చే మీట మొత్తం సుమారు 270 డిగ్రీలు తిరుగుతుంది కనుక, 0.4 ఆంపియర్లు అంటే మొదటి పదకొండు డిగ్రీలలోపే పని అయిపోవాలి. వేలు కాస్త వణికితే కరెంటు రెట్టింపవుతుంది. పతకం అంచులు మాడి నల్లటి పొడి పేరుకుంటుంది.

వరంగల్‌లో గిల్టు సామానుకు మెరుగు పెట్టే మిత్రుడొకరు ఇదే ఇబ్బందిని తన మాటల్లో చెప్పారు. "సార్, మా కాడ ఉన్నది యాభై ఆంపియర్ల రెక్టిఫైయర్. ఒక్క ముక్కుపుడక ముంచాలంటే దాని పక్కన నాలుగు పాత గాజులు కూడా వేలాడదియ్యాలె, లేకుంటే అది మాడిపోతది" అన్నారు. పక్కన వేలాడే గాజులు కరెంటులో వాటా తీసుకుంటాయి కాబట్టి ఆ ఉపాయం పనిచేస్తుంది, కానీ ఆ గాజుల మీదికి పోయే లోహమూ, సమయమూ వృథాయే. దుకాణంలో రోజంతా గంపెడు సామాను చేసేవారికి అది గిట్టుబాటవుతుంది. ఒకటి రెండు వస్తువులు చేసుకునే వారికి కాదు.

కరెంటును ఎందుకు పట్టుకోవాలి, వోల్టేజీని ఎందుకు వదిలేయాలి అన్నదానికి కారణం ఫారడే 1834 నాటికే చెప్పి ఉంచాడు. కాథోడ్ మీద, అంటే ఋణ ధ్రువానికి కట్టిన వస్తువు మీద చేరే లోహం బరువు ప్రవహించిన విద్యుదావేశానికి అనుపాతంలో ఉంటుంది. ఒక ఆంపియరు ఒక గంటపాటు ప్రవహిస్తే రాగి 1.186 గ్రాములు, నికెల్ 1.095 గ్రాములు, వెండి 4.025 గ్రాములు చేరతాయి. వోల్టేజీకి ఈ లెక్కలో చోటు లేదు. ద్రావణం వెచ్చబడితే దాని నిరోధం తగ్గుతుంది, ఆనోడ్ (ధన ధ్రువానికి కట్టిన లోహపు పలక) దూరం జరిగితే పెరుగుతుంది, మొసలి క్లిప్పుకు తుప్పు పడితే అక్కడే కొంత వోల్టేజీ పోతుంది. స్థిరమైన కరెంటు ఇచ్చే సప్లై ఈ మార్పులన్నిటినీ తానే సర్దుకుంటుంది. "నికెల్‌కు మూడు వోల్టులు పెట్టు" అనే సలహా ఎవరిదో ఒకరి బీకరుకు, వారి ఆనోడ్‌కు, ఆ రోజు వారి గదిలోని వేడికి మాత్రమే సరిపోతుంది.

పై పతకానికి పది మైక్రాన్ల నికెల్ కావాలంటే బరువు సుమారు 0.178 గ్రాములు, అంటే దాదాపు 9.8 ఆంపియర్-నిమిషాలు. 0.4 ఆంపియర్ల దగ్గర అది ఇరవై నాలుగు నిమిషాలకు కాస్త పైన. నికెల్ స్నానంలో (పూత వేసే ద్రావణంలో) కొంత కరెంటు హైడ్రోజన్ వాయువును విడిపించడానికి పోతుంది కాబట్టి ఇంకో నిమిషం, రెండు నిమిషాలు కలుపుకోవాలి. ఇంత సులభమైన లెక్క చేతిలో ఉండి కూడా చాలామంది రంగు చూసి అంచనా వేస్తారు. కరెంటు మీద నమ్మకం లేకపోవడమే అందుకు కారణమని నేను అనుకుంటాను.

కరీంనగర్ వెండి తీగ పనిలాంటి వస్తువుల దగ్గర మాత్రం ఈ లెక్క చిక్కుపడుతుంది. సన్నని తీగలు మెలివేసి అల్లిన పువ్వుకు ఉపరితలం ఎంతో కంటితో చెప్పలేము. తీగ చుట్టుకొలతను దాని మొత్తం పొడవుతో గుణించాలి, ఆ తీగలు ఒకదానికొకటి అతుక్కున్న చోట్లను తీసివేయాలి. పెంబర్తి ఇత్తడి రేకు పనిలోని ఉబ్బెత్తు బొమ్మలకు కూడా చదును రేకు కొలత తీసుకుని కొంత శాతం కలపవలసిందే. ఇలాంటప్పుడు కరెంటును అంచనా కన్నా తక్కువలో మొదలుపెట్టి, వోల్టేజీకి ఒక పై హద్దు కూడా పెట్టుకుంటే మేలు. అందుచేత సప్లైలో రెండు హద్దులూ ఉండాలి, పనిలో ఏ హద్దు అమలులో ఉందో చెప్పే దీపం కూడా ఉండాలి.

ఇక కట్టుబడి విషయం. చౌకగా దొరికే మార్గం పన్నెండు వోల్టుల ఎల్‌ఈడీ ఎస్‌ఎంపీఎస్ (ఇంటి లైను కరెంటును డీసీగా మార్చే స్విచింగ్ సప్లై), దాని వెనక ఎక్స్‌ఎల్4015 చిప్పు ఉన్న బక్ మాడ్యూల్ (వోల్టేజీని తగ్గించే చిన్న బోర్డు). వీటిలో కరెంటు, వోల్టేజీ రెండింటికీ చిన్న స్క్రూ మీటలు ఉంటాయి. రెండు మూడు ఆంపియర్ల దగ్గర ఇది చక్కగా పనిచేస్తుంది. దిగువన మాత్రం తడబడుతుంది, కారణం తెలుసుకోదగ్గది. కరెంటును కొలవడానికి మాడ్యూల్‌లో వాడే నిరోధం చాలా చిన్నది. అది 50 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే 0.2 ఆంపియర్ల దగ్గర దాని మీద కనిపించేది పది మిల్లీవోల్టులే. దాన్ని చూసి నిర్ణయం తీసుకునే ఎల్‌ఎం358 వంటి సాధారణ ఆప్-ఆంప్‌కు (రెండు వోల్టేజీల తేడాను పట్టే చిప్పుకు) పుట్టుకతోనే రెండు మిల్లీవోల్టుల తేడా ఉండవచ్చు, కొన్నింటికి ఏడు దాకా ఉంటుంది. పదింటిలో రెండు తేడా అంటే ఇరవై శాతం. పైగా ఆ తేడా వేడితో పాటు జరుగుతూ ఉంటుంది, మే నెలలో నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు చూసే వరంగల్‌లో ఇది చిన్న విషయం కాదు.

నేను కట్టుకున్న పెట్టెలో బక్ మాడ్యూల్‌కు వోల్టేజీ తగ్గించే పని ఒక్కటే అప్పగించాను. అది పన్నెండు వోల్టులను నాలుగు నుంచి ఆరు వోల్టుల మధ్యకు దించుతుంది. ఆ తర్వాత కరెంటును పట్టుకునేది ఒక లీనియర్ దశ, అంటే మిగులు వోల్టేజీని వేడిగా వదిలేసి కరెంటును నిలకడగా ఉంచే భాగం: బీకరు ఋణ ధ్రువానికీ సర్క్యూట్ సున్నా వోల్టుల గీతకూ మధ్య ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (కరెంటును అదుపుచేసే ట్రాన్సిస్టర్), దాని కింద కొలత నిరోధం, పన్నెండు వోల్టుల మీద నడిచే ఒక ఆప్-ఆంప్. టీఎల్431 అనే చిప్పు ఇచ్చే రెండున్నర వోల్టుల స్థిరమైన ఆధారాన్ని అర వోల్టుకు తగ్గించి, పది చుట్లు తిరిగే పొటెన్షియోమీటరుకు (కరెంటు పెట్టే మీటకు) ఇచ్చాను. కొలత నిరోధం రెండు రకాలు. అర ఓమ్ పెడితే పూర్తి స్థాయి ఒక ఆంపియరు, 0.15 ఓమ్ పెడితే మూడు ఆంపియర్లకు కొంచెం పైన. అర ఓమ్ మీద 0.2 ఆంపియర్లు అంటే వంద మిల్లీవోల్టులు. ఇప్పుడు ఆ రెండు మిల్లీవోల్టుల తేడా రెండు శాతమే. ఖరీదైన ఆప్-ఆంప్ కోసం వెతకడం కన్నా పెద్ద నిరోధం పెట్టడం తేలిక, దానికయ్యే ఖర్చు అర వాట్ వేడి మాత్రమే. శ్రేణి మార్చే స్విచ్‌ను కరెంటు ఆపిన తర్వాతే తిప్పాలి.

లీనియర్ దశ అనగానే వేడి గురించి అడుగుతారు. పన్నెండు వోల్టుల నుంచి నేరుగా రెండు వోల్టులకు, మూడు ఆంపియర్ల దగ్గర లీనియర్‌గా దించితే ముప్పై వాట్లు వేడిగా పోతాయి, దానికి ఫ్యాను తప్పదు. ముందే నాలుగు వోల్టులకు దించితే బీకరుకు రెండు వోల్టులు, కొలత నిరోధానికి అర వోల్టు కన్నా కొంచెం తక్కువ పోగా మాస్‌ఫెట్ మీద మిగిలేది ఒకటిన్నర వోల్టులే. నాలుగున్నర, ఐదు వాట్లు. అరచేయంత అల్యూమినియం రెక్కల పలక దానికి చాలు. మొత్తం పెట్టె చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంది. బక్ మాడ్యూల్ స్విచింగ్ వల్ల వోల్టేజీలో వచ్చే అలజడి కూడా ఈ దశలో చాలావరకు ఆగిపోతుంది. నికెల్, రాగి పూతలు కొద్దిపాటి రిపుల్‌ను (కరెంటులోని చిన్న అలలను) సహిస్తాయి, క్రోమియం సహించదు. కానీ ఆ పూతకు వాడే విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం ఇంట్లో చేయవలసిన పని కాదు కాబట్టి ఆ లెక్క నాకు అవసరం రాలేదు.

ఫ్యాను వద్దనడానికి వేడి కన్నా బలమైన కారణం ఒకటుంది. వెచ్చని నికెల్ స్నానం నుంచి, గంధకామ్లం కలిపిన రాగి స్నానం నుంచి లేచే సన్నని తుంపర గదిలో ఎక్కడ గాలి లాగితే అక్కడికి పోతుంది. ఫ్యాను ఉన్న సప్లైని స్నానం పక్కన పెడితే అది ఆ తుంపరను సర్క్యూట్ బోర్డు మీదికి లాగి చల్లుతుంది. బయటికి నిగనిగలాడే పెట్టెల లోపల రాగి గీతలు పచ్చబడి ఉండటం పూత దుకాణాలలో చూస్తుంటాం. మూసిన పెట్టె, బయటికి తెరిచి ఉన్న వేడి పలక, బోర్డు మీద వార్నిష్, స్నానానికి మీటరు దూరం, మందమైన తీగలు: ఇవి చాలు. తీగ పొడవు వల్ల పోయే వోల్టేజీ గురించి చింత అక్కరలేదు, కరెంటు స్థిరంగా ఉంది కదా. ఎస్‌ఎంపీఎస్ లోహపు కవచాన్ని ఎర్త్ చేయడం మాత్రం మరవకూడదు. చేయకపోతే తడి చేతికి ఆనోడ్ కొక్కెం తగిలినప్పుడు సన్నని జిల్లు తెలుస్తుంది.

హద్దు దీపాన్ని నేను మొదట అలంకారంగానే పెట్టాను గానీ, ఇప్పుడు మీటరు కన్నా దాన్నే ఎక్కువ చూస్తాను. అడిగిన కరెంటును ఇవ్వలేక ఆప్-ఆంప్ తన పై అంచుకు చేరినప్పుడు ఆ ఎర్ర దీపం వెలుగుతుంది. అంటే కొక్కెం జారింది, లేదా క్లిప్పు కింద తుప్పు చేరింది, లేదా ఆనోడ్ మొద్దుబారింది. మూడింటిలో ఏదైనా వస్తువును పాడుచేసేదే.

మరొకటి కరెంటు కోత. మామూలు రోజుల్లో మా వైపు కోతలు తక్కువే అయినా, ఎండాకాలం సాయంత్రం గాలివాన లేస్తే లైను ఎప్పుడు పోతుందో చెప్పలేము. రాగికి మధ్యలో ఆగినా పెద్ద నష్టం లేదు. నికెల్‌కు అలా కాదు: కరెంటు ఆగిన కాసేపటికే దాని మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, తర్వాత పడే నికెల్ ఆ పొరకు అంటుకోదు. వస్తువు చూడటానికి బాగానే ఉంటుంది, కొన్నాళ్లకు పొక్కులు లేచి రేకులా ఊడుతుంది. పెట్టె లోపలికి వచ్చేది పన్నెండు వోల్టులే కనుక యూపీఎస్‌లో వాడే ఏడు ఆంపియర్-గంటల బ్యాటరీని కరెంటును ఒకవైపే పోనిచ్చే రెండు షాట్కీ డయోడ్ల ద్వారా పక్కన కలిపాను. నిండిన బ్యాటరీ వోల్టేజీ 12.8 దగ్గర ఉంటుంది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌ను దాని సర్దుబాటు స్క్రూతో 13.2కు పెంచాలి, లేకపోతే లైను ఉన్నప్పుడు కూడా బ్యాటరీయే ఖర్చవుతుంది. నాలుగు వోల్టుల దగ్గర ఒక ఆంపియరు ఇవ్వడానికి బ్యాటరీ నుంచి తీసుకునేది అర ఆంపియరు లోపే, అంటే ఒక నికెల్ పనికి కావలసినదానికన్నా ఎన్నో రెట్లు దాని దగ్గర ఉంది.

బర్మింగ్‌హామ్‌లో జార్జ్, హెన్రీ ఎల్కింగ్టన్ అనే దాయాదులు 1840లో సైనైడ్ స్నానాలకు పేటెంటు తీసుకుని వెండి పూతను వ్యాపారంగా మార్చినప్పుడు కరెంటు బ్యాటరీల నుంచే వచ్చేది. 1844లో ఊల్రిచ్ నమూనా ప్రకారం కట్టిన అయస్కాంత జనరేటర్ ఆ పనికే పుట్టింది. వారి సైనైడ్ స్నానం నేటికీ నగల పరిశ్రమలో వాడుకలో ఉంది. నేను దాన్ని ఇంట్లోకి రానివ్వను. వెండి పూత అవసరమైతే పై లెక్కలు రాసిచ్చి, అనుమతులున్నవారి చేత చేయిస్తాను. నికెల్ లవణాలకు కూడా చేతి తొడుగులు, కిటికీ తెరిచిన గది తప్పవు. కడిగిన నీళ్లు మోరీలో పోయకూడదు; సున్నంతో లోహాన్ని అడుక్కు దించి ఆ బురదను వేరుగా డబ్బాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.

మిగిలింది మీటరును నమ్మవచ్చా అన్న ప్రశ్న. చౌక మీటర్లు 0.01 ఆంపియరు అడుగులు చూపిస్తాయి, చూపించినంత మాత్రాన అది నిజం కానవసరం లేదు. దీనికి మంచి మల్టీమీటర్ కన్నా మంచి పరికరం మన ఊళ్లో బంగారు దుకాణాల్లో దొరుకుతుంది: తూనికలు, కొలతల శాఖ ముద్ర పడిన మిల్లీగ్రాము తక్కెడ. శుభ్రం చేసిన పలుచని రాగి రేకును అక్కడ తూచుకుని, గంధకామ్లం కలిపిన రాగి సల్ఫేటు ద్రావణంలో, రాగి ఆనోడ్‌కు ఎదురుగా సరిగ్గా ఒక గంటసేపు 0.2 ఆంపియర్ల దగ్గర ఉంచాలి. రేకు వైశాల్యం ఇరవై చదరపు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే పూత గట్టిగా పడుతుంది, పొడిగా రాలదు. తీసి స్వచ్ఛమైన నీటితో, తర్వాత స్పిరిట్‌తో కడిగి, మంట చూపకుండా గాలికి ఆరబెట్టి మళ్లీ తూచాలి. పెరగవలసిన బరువు 237 మిల్లీగ్రాములు. 230 వస్తే నిజమైన కరెంటు 0.194 ఆంపియర్లు. ఆ తేడాను ఆధార వోల్టేజీ దగ్గరున్న ట్రిమ్మర్‌తో (చిన్న స్క్రూ మీటతో) సరిచేసి, మూడు ఆంపియర్ల శ్రేణికి ఇదే పరీక్షను పెద్ద రేకుతో చేసి, రెండు అంకెలనూ పెట్టె మూత లోపల రాసి పెట్టుకోవాలి.