మోకరించిన చోటు నుంచి లేవడానికి

ఆ రోజు తెల్లవారుజామున ప్రార్థన ముగించి ఆమేన్ అన్నాక లేవలేకపోయాను. ఎడమచేత్తో మంచం పట్టె, కుడిచేత్తో కుర్చీ పట్టుకున్నాను. కుర్చీ జరిగిపోయింది, నేను చతికిలపడ్డాను. చివరికి మంచం మీదికి బోర్లా ఒరిగి, కాళ్ళు ఈడ్చుకుంటూ ఎలాగో పైకి వచ్చాను. అప్పటికి నాకు 47 ఏళ్ళు. ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టాను.

కూర్చుని ప్రార్థిస్తే దేవుడు వినడని కాదు. చిన్నప్పటి నుంచి ఆయన ముందు వంగిన మోకాళ్ళు ఇక మా వల్ల కాదంటుంటే, ఆ సంగతిని నేను ఒక వాక్యంతో కప్పేశాను. "మా బాహ్య పురుషుడు కృశించుచున్నను, ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు" అని బైబిల్లో, అపొస్తలుడు పౌలు రాసిన రెండో కొరింథీ పత్రికలో ఉంది కదా, అదే నాకు ఆసరా. పౌలు దేహం కృశించింది దెబ్బలు తిని, ఆకలితో పడుకుని, ఓడ పగిలి నీళ్ళపాలై, సువార్త కోసం కాలినడకన దేశాలు తిరిగి. నాది కూర్చుని కూర్చుని. ఈ రెండూ ఒకటి కావని గ్రహించడానికి నాకు రక్తపరీక్ష రిపోర్టు చేతికి రావాల్సి వచ్చింది.

పరగడుపు షుగర్ 118. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. బీపీ 138/88. "5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటాం, 6.5 వస్తే షుగర్ వ్యాధి. మీరు గుమ్మం దగ్గర ఉన్నారమ్మా, వెనక్కి తిరగొచ్చు" అన్నారు డాక్టరు గారు. మోకాలి ఎక్స్‌రే చూసి, అరుగుదల కొద్దిగానే ఉంది, తొడ కండరాల్లో బలం లేక భారమంతా కీలు మీద పడుతోంది అని చెప్పారు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళందరికీ చెప్పే కొలత అదేనట. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన గురించి కూడా చెప్పారు. నాలాగా గుమ్మంలో ఉన్నవాళ్ళు అంత నడక నడిచి, ఒంటి బరువులో 7 శాతం తగ్గించుకునే ప్రయత్నం చేస్తే, షుగర్ వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందట.

"ప్రార్థన చేస్తానండి" అన్నాను. ఆయన తలూపి ఊరుకున్నారు. ఇంటికొచ్చాక ఆ మాట నన్నే గుచ్చింది. నడవకుండా తప్పించుకోవడానికి ప్రార్థన పేరు వాడుకున్నాను. ఎన్నో ఏళ్ళు ప్రార్థించినదాన్ని, ఆ పేరును అలా వాడటం నాకు సిగ్గనిపించింది.

అయినా వెంటనే కదల్లేదు. నాకు అడ్డుపడింది బద్ధకం ఒక్కటే అయితే ఇది ఇంత పొడుగు కథ అయ్యేది కాదు. "శరీరము" అనే మాటే నాకు అడ్డుపడింది. శరీరానుసారముగా నడవకూడదు, శరీరకార్యములు చేయకూడదు అని వింటూ పెరిగాను. సండే స్కూల్లో పిల్లలకూ అదే నేర్పాను. ఇక ఈ శరీరాన్ని ఎంత తక్కువ పట్టించుకుంటే అంత భక్తి అని లోపల స్థిరపడిపోయింది. ఒంటి మీద శ్రద్ధ పెట్టే వాళ్ళను చూస్తే లోకస్థులనిపించేది.

మా సంఘంలో గ్రీకు నేర్చుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని అడిగాను. ఆయన గలతీ పత్రిక ఐదో అధ్యాయం తీసి, శరీరకార్యముల పట్టిక నాతోనే చదివించారు. జారత్వము, అపవిత్రత అని మొదలై ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, భేదములు, అసూయలు... "అసూయ పడటానికి కండరాలు కావాలా అమ్మా?" అని అడిగారు. అక్కడ పౌలు రాసిన గ్రీకు మాట సార్క్స్. దేవుణ్ణి కాదని తన ఇష్టప్రకారం బతికే స్వభావానికి పౌలు ఆ మాట వాడతాడు. మన చేతులూ కాళ్ళూ ఉన్న ఈ దేహానికి మామూలుగా వాడేది సోమా. తెలుగులో చాలాచోట్ల రెంటికీ శరీరమనే పడింది. స్వభావం మీద పౌలు చేసిన యుద్ధాన్ని నేను ఇన్నాళ్ళూ నా మోకాళ్ళ మీద చేశానన్నమాట.

దేహము పరిశుద్ధాత్మకు ఆలయమన్న మొదటి కొరింథీ పత్రిక వచనం కూడా ఆయన చూపిస్తారనుకున్నాను. "అది వ్యాయామం గురించి రాసింది కాదు, జారత్వం గురించి. దాన్ని జిమ్ముకు వెళ్ళమన్న ఆజ్ఞగా చదవకు" అన్నారు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. అదే అధ్యాయంలో కాస్త పైన ఉన్న మాట మీద వేలుపెట్టారు. దేహము ప్రభువు నిమిత్తమే, ప్రభువు దేహము నిమిత్తమే. ఆ రెండో సగం నేనెప్పుడూ ఆగి చదవలేదు. ప్రభువు నా దేహం కోసం! ఆయన పునరుత్థానుడై లేచింది దేహంతోనే, శిష్యుల ముందు చేప ముక్క తిన్నది దేహంతోనే. ఆ రాత్రి నా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని క్షమాపణ అడిగాను.

మొదటి రోజు పది నిమిషాలు నడిచాను, వగర్చాను. నడుస్తూ ప్రార్థిద్దామంటే మనసు నిలవలేదు. అప్పుడు యాత్రకీర్తనలు గుర్తొచ్చాయి. 120 నుంచి 134 దాకా పదిహేను కీర్తనలు. యెరూషలేము పండుగలకు కొండదారి ఎక్కుతూ యాత్రికులు పాడుకున్నవని చెబుతారు. పాదాలకు సరిపోయేలా చిన్నవి. వారానికొకటి కంఠతా పట్టాను. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అనేటప్పటికి తల దానంతటదే పైకి లేచేది, వీపు నిటారయ్యేది. అప్పటిదాకా కిందికే చూస్తూ నడుస్తున్నానని అప్పుడే తెలిసింది. రెండు నెలలకు రోజుకు ముప్పై నిమిషాలు, వారానికి ఐదు రోజులు కుదిరింది. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుందని డాక్టరు గారు చెప్పారు కాబట్టి, రాత్రి భోజనం అయ్యాక మరో పది నిమిషాలు కలిపాను.

కాళ్ళ బలం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి మొదట కుర్చీని గోడకు ఆనించమంది, జరగకుండా. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, కూర్చుని లేవాలి. నాలుగుసార్లకే తొడలు వణికాయి. "దబ్బున కూలబడొద్దు ఆంటీ, మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. దిగేటప్పుడు కూడా బలం వస్తుంది" అనేది. ఆరు వారాలకు పన్నెండు వచ్చాయి. అప్పుడు అసలు పాఠం మొదలుపెట్టింది. దుప్పటి మడిచి నేలమీద వేసి, రెండు మోకాళ్ళూ ఆనించి, ఒక పాదం ముందుకు తెచ్చి పూర్తిగా నేలకు మోపి, కొంచెం ముందుకు వాలి, ఆ మడమతో నేలను నొక్కుతూ లేవడం. నేను ఇన్నేళ్ళూ రెండు కాళ్ళతో ఒకేసారి, వీపు బిగబట్టి లేవబోయేదాన్ని. తొలిసారి కుర్చీ పట్టుకోకుండా లేచినప్పుడు ఆ అమ్మాయి ముందే ఏడ్చాను.

నిద్ర సంగతి యాత్రకీర్తనల్లోనే దొరికింది. ఎనిమిదో వారం వంతు 127వ కీర్తనది. "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు." రాత్రి పన్నెండున్నర దాకా మేలుకోవడం, నాలుగున్నరకు ప్రార్థనకు లేవడం నాకు అలవాటు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము కింద చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందు చేసింది బోధ కాదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, రొట్టె తిను అన్నాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. హోరేబు కొండకు నడవాల్సిన నలభై రోజులు ఆ తర్వాతవి. ఫోను పది గంటలకే పక్క గదిలో పెట్టడం మొదలుపెట్టాను. ఉపవాసాలు మానలేదు కానీ, సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు రెండు పూటల తిండి ఒక్కసారే తినడం మానాను. షుగరుకు మందులు వాడేవాళ్ళయితే డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండొద్దని ఇక్కడ గట్టిగా చెప్పాలి. షుగర్ పడిపోయి ప్రమాదం.

సండే స్కూల్లో ఎరిక్ లిడెల్ కథ చాలాసార్లు చెప్పాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని వంద మీటర్ల పందెం వదులుకున్న స్కాట్లాండ్ యువకుడు. నేను ఎప్పుడూ ఆ ఆదివారం దగ్గరే కథ ఆపేదాన్ని. ఈసారి మిగతా రోజుల గురించీ చెప్పాను. 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్న సాధన గురించి, మరుసటి ఏడే మిషనరీగా చైనా వెళ్ళడం గురించి, చివరికి యుద్ధకాలపు నిర్బంధ శిబిరంలో పిల్లలకు ఆటలు ఆడించి 1945లో 43 ఏళ్ళకే కన్నుమూయడం గురించి. ఆ కాళ్ళనూ ఆయన దేవునికే ఇచ్చాడని చెబుతుంటే పిల్లల కంటే నేనే ఎక్కువ విన్నాను.

ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. నాలుగో నెలకు బరువు 78 నుంచి 73 కిలోలకు దిగింది. రోజూ అద్దం ముందు నిలబడేదాన్ని, పొద్దున లేస్తూనే తూకం చూసేదాన్ని, కీర్తన ఆ తర్వాతే. సంఘంలో ఒక చెల్లెలితో "నువ్వూ కాస్త తగ్గొచ్చుగా" అనేశాను. ఆమె మందుల వల్ల ఒళ్ళు వచ్చి, రెండేళ్ళుగా అవస్థ పడుతోందని తర్వాత తెలిసింది. ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "శరీర సంబంధమైన సాధకము కొంచెము మట్టుకే" ప్రయోజనమని తిమోతికి పౌలు రాసిన మాటను మునుపు వ్యాయామం మానడానికి అడ్డుపెట్టుకున్నాను. ఇప్పుడు అదే మాట నా పొగరుకు కళ్ళెం వేసింది. ప్రయోజనం ఉంది. కొంచెమే. తూకం చూడటం నెలకొకసారికి మార్చుకున్నాను.

ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 5.8. ఇంకా గుమ్మంలోనే ఉన్నాను, కానీ బయటి అంచున. ఎడమ మోకాలు వానాకాలంలో ఇప్పటికీ పీకుతుంది.

మొన్న ఒక రాత్రి అత్తయ్య మంచం దిగబోయి నేలమీదికి జారిపోయారు. మా ఆయన ఊళ్ళో లేరు. దెబ్బ తగిలిందేమో, ఎక్కడైనా నొప్పి ఉందేమో అడిగి, చేతులూ కాళ్ళూ ఆడించి చూశాను. ఏమీ లేదు. ఎత్తబోతే ఇద్దరం పడతాం. కుర్చీ తెచ్చి ఆవిడ ముందు గోడకు ఆనించాను. "అత్తయ్యా, ముందు మోకాళ్ళ మీదికి రండి. చేతులు కుర్చీ మీద పెట్టండి. ఇప్పుడు కుడి పాదం ముందుకు... మడమతో నొక్కండి." నడుము దగ్గర పట్టుకుని ఆవిడతోపాటే లేచాను. ఆవిడ కుర్చీలోకి తిరిగి కూర్చుని చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

"ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు.

ఆవిడ పాదాల దగ్గరే మోకరించాను. ఆమేన్ అన్నాక పట్టుకోవడానికి కుర్చీ ఖాళీ లేదు. కుడి పాదం ముందుకు పెట్టి లేచి, ఆవిడకు మంచినీళ్ళు తెచ్చాను.