రాయగడ షెడ్డులో పాత మిల్లింగ్ మిషన్‌కు సీఎన్‌సీ: నా అనుభవం

సీఎన్‌సీ, అంటే చేత్తో తిప్పే మిషన్‌ని కంప్యూటర్‌తో నడిపించడం, అనగానే మోటార్ల ధర ఎంత అని అడుగుతారు. నేను మాత్రం ముందు డయల్ గేజీ (సన్నని కదలికను సూదితో చూపే కొలత పరికరం) పెట్టి చూడమంటాను. మా రాయగడ షెడ్డులోని బెంచ్ మిల్లింగ్ మిషన్‌లో హ్యాండిల్ వెనక్కి తిప్పితే 0.35 మి.మీ. ఆట (బ్యాక్‌లాష్) తీరాకగానీ టేబుల్ కదిలేది కాదు. చేత్తో తిప్పేటప్పుడు ఒకే వైపు నుంచి వస్తూ సర్దుకుంటాం. ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సరిపోతుందనుకోవద్దు. క్లైంబ్ కటింగ్‌లో, అంటే కట్టర్ తిరిగే వైపుకే జాబ్ కదిలే కోతలో, కట్టరే టేబుల్‌ని లాగేసుకుంటుంది, పళ్ళు విరుగుతాయి. అందుకే పాత స్క్రూలు తీసేసి 1605 బాల్‌స్క్రూలు (నట్‌లో గోళీల మీద తిరిగే స్క్రూలు) వేశాను: 16 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. లీడ్, అంటే ఒక చుట్టుకు జరిగే దూరం.

విప్పకముందే మోటార్ ప్లేట్లు, నట్ బ్లాకులు అదే మిషన్ మీద చేసేసుకోవాలి. విప్పాక గుర్తొస్తే ఊళ్ళో వర్క్‌షాపుల చుట్టూ తిరగడమే. నట్ వ్యాసాలు ఇవి: బాడీ 28, ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) 48, బోల్టుల వలయం 38 మి.మీ. టేబుల్‌ని మోసే సాడిల్ కింద చోటు చాలకపోతే ఫ్లాంజ్‌కి చదునుగా కోసిన వైపు పైకి పెట్టుకోండి, 4 మి.మీ. కలిసొస్తుంది. నట్‌ని ఉత్తినే స్క్రూ నుంచి తీశారో, గోళీలన్నీ నేల మీదే. స్క్రూ గాడి అడుగు వ్యాసం కన్నా కొద్దిగా సన్నని ప్లాస్టిక్ గొట్టం మీదికి జరిపి తీయాలి.

స్క్రూ చివర్లు టర్నింగ్‌కి ఇస్తే, “ఇది తెగట్లేదు బాబూ, టూలే అరిగిపోతోంది” అన్నాడు టర్నర్. పైపొర గట్టిపరిచింది మరి. ముందు గ్రైండర్‌తో ఆ పొర తీసి, కార్బైడ్ టూల్ పెట్టాకే తెగింది.

బిగించాక కూడా 0.12 మి.మీ. ఆట మిగిలింది. నట్‌ని అనుమానించాను, తప్పు దానిది కాదు. డయల్ సూది స్క్రూ కొసకు ఆనించి టేబుల్‌ని నెట్టి లాగితే, స్క్రూనే బేరింగుల్లో ముందుకీ వెనక్కీ జరుగుతోంది. మోటార్ వైపు జంట యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల (స్క్రూ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేవి) లాక్‌నట్ బిగిస్తే 0.03కి దిగింది.

కరెంటు పని తేలిక. మూడు న్యూటన్ మీటర్ల నేమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు, వాటిని నడిపే డీఎం556 డ్రైవర్లు, 36 వోల్టుల సప్లై. డ్రైవర్ 50 దాకా తట్టుకుంటుందని 48 ఇవ్వకండి, మోటార్ ఆగేటప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీకి చోటుండాలి. కంప్యూటర్ పంపే ఒక్కో పల్సుకి మోటార్ ఒక్కో స్టెప్పు తిరుగుతుంది. ఒక చుట్టుకు 1600 పల్సులు, అంటే మిల్లీమీటరుకు 320.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఇంకొకటి. టేబుల్‌ని 100 సార్లు ముందుకీ వెనక్కీ నడిపితే సున్నా దగ్గరికి రాకుండా 0.62 మి.మీ. పక్కకి ఆగేది. బ్యాక్‌లాష్ ఎన్నిసార్లు తిరిగినా పెరగదు, ఇది పెరుగుతోంది. బరువుకి స్టెప్పులు పోతున్నాయా అంటే, వేగం సగం చేసినా అదే అంకె. లెక్క కడితే ఒక్కో రాకపోకకి సరిగ్గా రెండు పల్సులు. దిశ మారే సిగ్నల్ పల్సు కన్నా కనీసం 5 మైక్రోసెకన్ల ముందు డ్రైవర్‌కి చేరాలి. ఒక వైపు తిరిగేటప్పుడు అలా చేరకపోతే ఆ పల్సు పాత దిశలోనే పోతుంది: రావాల్సినది ఒకటి రాలేదు, పోకూడనిది ఒకటి పోయింది. మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్‌సీఎన్‌సీలో డైరెక్షన్ సెటప్ (ఆ ముందస్తు సమయం) 20000 నానోసెకన్లు, అంటే 20 మైక్రోసెకన్లు చేశాను. అంతే, జరగడం ఆగింది.

పైకీ కిందికీ కదిలే జెడ్ అక్షానికి మాత్రం ముందే జాగ్రత్త పడాలి. పాత స్క్రూ తనంతట తాను నిలబడేది, బాల్‌స్క్రూ నిలబడదు. వైశాఖంలో సాయంత్రం గాలివానకి కరెంటు పోతే కట్టర్‌ని తిప్పే హెడ్ మెల్లగా జారి కట్టర్‌తో సహా జాబ్ మీద కూర్చుంటుంది. మా హెడ్ సుమారు 40 కిలోలు, 200 న్యూటన్ల గ్యాస్ స్ప్రింగులు రెండు పెడితే ఆగింది. బ్రేకు మోటార్ ఇంకా మేలు, ఖర్చే ఎక్కువ.

రోల్ చేసిన సీ7 రకం (ఖచ్చితత్వ గ్రేడు) స్క్రూకి 300 మి.మీ.లో 0.05 దాకా తేడా ఉంటుంది. బ్రాకెట్లకి, ప్లేట్లకి చాలు. బేరింగ్ బోరు కావాలంటే ఇప్పటికీ బోరింగ్ హెడ్ (రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేసే టూల్) పెట్టి, కొలుచుకుంటూ చేత్తోనే చేస్తున్నాను.