గోడవైపు తిరిగి

తాగడం మానేసిన కొత్తలో అందరూ నన్ను ఒకటే అడిగేవారు. ‘ఇప్పుడు ప్రాణం హాయిగా ఉందా?’ అని. మిల్లులో హమాలీలు అడిగారు, బావమరిది అడిగాడు, పాలు పోసే ఆవిడ కూడా అడిగింది. ఉందని తలూపేవాణ్ని. ఇరవై ఏళ్లు ఇంటిల్లిపాదినీ ఏడిపించి, తీరా మానేశాక ‘నాకు బాగాలేదు’ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నేను నెల్లూరు జిల్లాలో ఒక రైస్ మిల్లు గుమాస్తాను. లారీ కాటా ఎక్కిన దగ్గర్నుంచి ధాన్యం తేమ చూడడం, బస్తాలు లెక్కపెట్టడం, చిట్టా రాయడం నా పని. తేమ 17 శాతం దాటిందంటే రైతుకూ నాకూ వాదులాటే. 2023 నాటికి పొద్దున్నే ఒక గుక్క పడితే తప్ప నా చేతిలో అంకె నిలబడేది కాదు. మూడు రాస్తే ఎనిమిదిలా ఉండేది. ఒకసారి 83 బస్తాలు కాస్తా 88 అయ్యాయి. యజమాని ఒక్క మాటా అనలేదు. పుస్తకం తీసుకుని తనే దిద్దాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ ఏడాది దీపావళి రాత్రి వాకిట్లో మెట్ల మీదే నిద్రపోయాను. నా కాళ్ల దగ్గర పెట్టిన చిచ్చుబుడ్డిని మా అమ్మాయి దూరంగా జరిపి వెలిగించిందని తెల్లవారాక తెలిసింది. నన్ను లేపడానికి ప్రయత్నించలేదట. ఆరోజు నుంచి మానేశాను.

మానేసిన తీరు మాత్రం శుద్ధ తెలివితక్కువ. ఎవరికీ చెప్పకుండా, ఏ డాక్టరునూ అడగకుండా, పౌరుషానికి పోయి ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజు సాయంత్రానికి చొక్కా పిండితే చెమట కారేలా ఉంది. మూడో రోజు రాత్రి గోడ మీద ఎర్రచీమలు బారులు తీరి కనిపించాయి. చీపురు తెమ్మని మా ఆవిడ మీద కేకలేశాను. తను చీపురు తేలేదు, ఆటో తెచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది ఇది: రోజూ బాగా తాగేవాళ్లు హఠాత్తుగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆపైన మతి చెదిరి లేనివి కనిపించవచ్చు, వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. నాకర్థమైన భాషలో చెప్పాలంటే, మద్యం మెదడుకు బ్రేకు. ఏళ్ల తరబడి బ్రేకు తొక్కి పెడితే మెదడు తన పని నడుపుకోవడానికి ఎదురు యాక్సిలరేటరు తొక్కుతుంది. బ్రేకు మీద కాలు తటాలున తీసేస్తే బండి ఎటు పోతుందో లారీలతో బతికేవాడికి వేరే చెప్పాలా? బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మత్తుమాత్రలు మొదట ఎక్కువ, తర్వాత రోజురోజుకూ తగ్గించుకుంటూ ఇచ్చారు. పదో రోజుకు ఇంటికి పంపారు. వెళ్లేటప్పుడు డాక్టరు ఒక మాట అన్నారు. ‘కొన్నాళ్లు దిగులుగా ఉంటుంది. చాలామందికి మూడు నాలుగు వారాల్లో అదే తేలికపడుతుంది. పడకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా రండి.’ ఆ మాట నేను వినలేదు. మా ఆవిడ విన్నది.

డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చింది. కరెంటు లేదు, మిల్లు లేదు, వాన ఆగదు. అలాంటి రోజుల్లో పూర్వం నాకు పండగే. ఈసారి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. వాన తగ్గింది, కరెంటు వచ్చింది, మిల్లు తెరిచారు. నేను మాత్రం అలాగే ఉన్నాను.

దిగులు అంటే ఏడుపు వస్తుందనుకునేవాణ్ని. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు, అదే జబ్బు. మా ఆవిడ మామిడికాయ వేసి చేపల పులుసు చేస్తే, నోట్లో పెట్టుకుని అది పులుపని గుర్తుపట్టాను, అంతే. అమ్మాయి బడిలో ఫస్టు వచ్చానని కాగితం చూపిస్తే ‘మంచిది’ అన్నాను. ఆ మాట నాకే పక్కింటివాళ్లు అన్నట్టు వినిపించింది. రాత్రి పదింటికి కళ్లు మూతపడేవి, మూడింటికల్లా తెరుచుకునేవి. మూడు నుంచి ఆరు దాకా ఇరవై ఏళ్లలో నేను చేసిన పనులన్నీ ఒక్కొక్కటే వచ్చి మంచం పక్కన కూర్చునేవి. నా పెళ్లాం గాజులు తాకట్టు పెట్టింది, నాన్న తద్దినం నాడు తూలుతూ వచ్చింది, అన్నీ. తాగేటప్పుడు వీటిలో ఒక్కటీ గుర్తొచ్చేది కాదు, ఆ సౌకర్యం పోయింది.

పగలు ఎలాగో గడిచేది. సాయంత్రం ఆరు గంటలే గడిచేది కాదు. మిల్లు కట్టేసి, స్కూటరు తీసి, ఎటు వెళ్లాలో తోచక కాసేపు గేటు దగ్గర నిలబడేవాణ్ని. తాగాలన్న కోరిక కంటే, ఆ రెండు గంటలను ఏం చేసుకోవాలో తెలియకపోవడం ఎక్కువ బాధ. తాగుబోతుకు మందు ఒక్కటే పోదు. స్నేహితులు, వెళ్లే దారి, ఆలస్యంగా రావడానికి చెప్పే అబద్ధం, దినచర్య మొత్తం పోతుంది. నా వ్యసనం గురించి నాకు ఇరవై ఏళ్లు సలహాలిచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కడూ ఈ సంగతి చెప్పలేదు.

ఇంట్లో నా మంచితనాన్ని చూసి మురిసిపోతున్నారు. ‘ఇప్పుడు నీకేం తక్కువ?’ అన్నాడు బావమరిది. నిజమే, ఏమీ తక్కువ లేదు. అందుకే ఇంకా భయమేసింది. డిసెంబరు మూడో వారంలో ఒక రాత్రి, నేను లేకపోతే ఈ ఇంట్లో ఒక కంచం కడిగే పని తగ్గుతుందనిపించింది. చాలా మామూలుగా, కూరగాయల లెక్క వేసినట్టు అనిపించింది. ఆ మామూలుతనానికే ఉలిక్కిపడి మా ఆవిణ్ని లేపాను. ఇరవై ఏళ్ల కాపురంలో ‘నాకు భయంగా ఉంది’ అన్నది అదే మొదటిసారి.

తను తిట్టలేదు, ఏడవలేదు. మా అమ్మాయి బడిలో ఇచ్చిన కాగితం మీద ఉన్న నంబరుకు ఫోను చేసింది. 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. అవతల ఒక ఆడమనిషి గొంతు. ఉపన్యాసం ఇస్తుందని చెవి దూరంగా పెట్టుకున్నాను. ఆవిడ సూటిగా అడిగింది: ‘చనిపోవాలనిపిస్తోందా అండీ?’ అలా ఎవరైనా అడగవచ్చని నాకు తెలియదు. అవునో కాదో చెప్పేలోగానే గుండె మీద నుంచి ఒక బస్తా దించినట్టయింది. ఇంట్లో మీతో ఎవరున్నారు, ఈ రాత్రి ఒంటరిగా ఉండకుండా ఎవరు చూసుకుంటారు, రేపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్తారు అని ఒక్కొక్కటే అడిగి, మా ఆవిడతో కూడా మాట్లాడింది.

మర్నాడు మానసిక వైద్యుడు తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, తప్పంతా నాదేననిపించడం, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. మార్కులు ఎక్కువ వస్తే నవ్వుతారేమో అని మొదట తక్కువ వేశాను. మా ఆవిడ కాగితం లాక్కుని దిద్దింది. ఈ మనిషికి చిట్టాలు దిద్దేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఆయన చెప్పింది ఇంచుమించు ఇదీ: మానేసి ఐదు వారాలైంది. మద్యం వల్ల వచ్చిన దిగులైతే ఈపాటికి పలచబడాలి. పలచబడలేదంటే విడిగా మందు వేయాల్సిన జబ్బు ఉంది. తాగుడుకు ముందే ఉండి ఉండవచ్చు కూడా. పదిహేడేళ్లప్పుడు ఎలా ఉండేవారని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్ చదివేటప్పుడు ఒక వేసవి మొత్తం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మొదటి క్వార్టర్ తాగిన రోజు లోకం రంగుల్లోకి వచ్చినట్టయింది. జబ్బుకు మందు దొరికిందనుకున్నాను కాబోలు.

దిగులు తగ్గడానికి సెర్ట్రాలిన్ రాశారు. లివర్ పరీక్షలు చూసి, తాగాలనే తపన తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ కూడా రాశారు. మొదటి పది రోజులు కడుపులో తిప్పడం తప్ప ఒరిగిందేమీ లేదు. పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ముందే చెప్పారు గానీ, క్వార్టర్ పావుగంటలో పని చేసేది కదా, నాకు ఓపిక ఎక్కడిది?

మానేసినవాళ్లు కొందరు వారానికోసారి కలిసి కూర్చునే చోటికి వెళ్లడం మొదలుపెట్టాను. టీ బాగుండదు, కుర్చీలు విరిగినవి, అయినా అక్కడ నేను ‘హాయిగా లేదు’ అని చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకాయన మాత్రం ‘మాత్ర మింగడం కూడా మత్తే తమ్ముడూ, సీసా వదిలి స్ట్రిప్పు పట్టావు’ అన్నాడు. ఆ మాటతో మూడు రోజులు మాత్రలు మానేశాను. నాలుగో రోజు తల తిరిగి, కారణం లేకుండా కోపం ముంచుకొచ్చింది. పదకొండేళ్లుగా తాగకుండా ఉన్న పెద్దాయన ఒకరున్నారు, రిటైరైన బస్సు కండక్టరు. ఆయనకు చెబితే, ‘మనం తాగుబోతులం, డాక్టర్లం కాము. మాత్ర సంగతి రాసినవాణ్నే అడుగు’ అన్నారు. అడిగి మళ్లీ మొదలుపెట్టాను. మాత్రల మీద అనుమానం ఉంటే డాక్టరుతో పోట్లాడవచ్చు, నేను చాలాసార్లు పోట్లాడాను. చెప్పకుండా ఆపడం మాత్రం నాకు కలిసిరాలేదు.

కనుమ నాడు ఇంటినిండా చుట్టాలు. మధ్యాహ్నం మూడింటికి బయటపడి ప్రభుత్వ మద్యం దుకాణం వరుసలో నిలబడ్డాను. ఎందుకంటే చెప్పలేను. కోపం లేదు, బాధ లేదు, కాళ్లు తీసుకెళ్లాయి. ఒక క్వార్టర్ కొని స్కూటరు డిక్కీలో పెట్టి, చెరువు గట్టు మీద కూర్చుని కండక్టరుగారికి ఫోను చేశాను. ధర్మోపదేశం వస్తుందనుకుంటే ఆయన అడిగింది ‘ఏమన్నా తిన్నావా?’ అని. పొద్దున్నుంచి తినలేదని అప్పుడు తెలిసింది. ‘ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా మన బుర్ర దాన్ని దాహం అనే చెబుతుంది. ముందు తిను, ఆ తర్వాత తాగాలనిపిస్తే ఫోను చెయ్యి’ అన్నారు. ఇంటికి వెళ్లి పెరుగన్నం తిన్నాను. సీసా మా ఆవిడకిచ్చాను. తను తూములో పోసి, చుట్టాలకు గారెలు వడ్డించడానికి వెళ్లిపోయింది. పెద్ద విజయంలా ఏమీ అనిపించలేదు. కడుపు నిండి నిద్ర వచ్చింది.

ఫిబ్రవరిలో ఒకరోజు మిల్లులో కొత్త కుర్రాడు కాటా మీద బస్తాలతో పాటు తనూ ఎక్కి బరువు రాశాడు. నవ్వొచ్చింది. నవ్వాక, నవ్వానని తెలిసింది. అంతే, అలాగే వచ్చింది మార్పు. రోజు విడిచి రోజు, కొంచెం కొంచెం. మార్చి కోతలకు లారీలు బారులు తీరేసరికి నా మూళ్లు మూళ్లలాగే పడుతున్నాయి. సాయంత్రం ఆరింటికి స్కూటరు కండక్టరుగారి ఇంటివైపో, అమ్మాయి ట్యూషన్‌వైపో తిరుగుతోంది. ఇప్పటికీ మూడింటికి మెలకువ వచ్చే రాత్రులున్నాయి.

మా అమ్మ సంగతి చెప్పాలి. 1992లో దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో మా ఊరి ఆడవాళ్లతో కలిసి తనూ చీపురు పట్టుకుని సారా దుకాణం మీదికి వెళ్లింది. నాకప్పుడు పన్నెండేళ్లు. మా నాన్న ఆ దుకాణానికి రోజూ వెళ్లేవాడు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మద్యం మొత్తానికీ వచ్చింది. 1997లో దాన్ని సడలించి బ్రాందీ షాపులు తెరిచారు. నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగేళ్లకు పోయాడు. అలాంటి తల్లికి ఇలాంటి కొడుకునయ్యానన్నదే రాత్రి మూడింటికి వచ్చే వాటిలో పెద్దది.

మొన్న ఉగాదికి ముందు, అమ్మ తన బీపీ మాత్రల డబ్బాలో నా స్ట్రిప్పు చూసి ఇదెందుకని అడిగింది. మనసు బాగోలేక అని చెప్పాను. డిసెంబరులో గోడవైపు తిరిగి పడుకున్నది అందుకేనని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మీ నాన్న కూడా ఇలాగే పడుకునేవాడు’ అంది.

‘ఎప్పుడమ్మా?’

‘సారా ఆగిపోయాక. కూలికి పోడు, అన్నం పెడితే తినడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. బద్ధకం అనుకున్నాం. నేనే తిట్టిపోశాను. తాగడానికి లేదని సాధిస్తున్నాడనుకున్నా.’

‘ఎన్నాళ్లలా ఉన్నాడు?’

‘ఎవరు లెక్కపెట్టారు నాయనా’ అని, స్ట్రిప్పును వెలుతురుకు పట్టి, ఇంకా ఎన్ని మాత్రలున్నాయో వేలితో లెక్కపెట్టింది. ఆరు ఉన్నాయి. ‘సోమవారానికి అయిపోతాయి, తెచ్చుకో’ అని డబ్బా మూత పెట్టింది.