సుంకి ఘాట్‌కి ఏ ఇంజిన్? వర్టస్ 1.0, 1.5 మధ్య నా అనుభవం

కారు కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది హార్స్‌పవర్ ఎంత అని. ఒడిశా కొండల మీది సునాబెడ నుంచి ఆంధ్రాలోని సాలూరుకి దిగి ఎక్కే మాలాంటి వాళ్లకి ఆ అంకెతో పెద్దగా పనిలేదు. ఆ దారిలోని సుంకి ఘాట్‌లో మలుపు తిరిగేసరికి ముందు లోడు లారీ ఉంటుంది, బండిలో నలుగురుంటారు, గేరు రెండులో ఉంటుంది. అక్కడ కాలు నొక్కితే ఇంజిన్ ఎంత తొందరగా అందుకుంటుందన్నదే లెక్క. నేను ఇంజిన్ ఎంచుకున్నది దాన్ని బట్టే.

నా ఆశయితే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు మీద ఉండేది. పోర్షే 718లో 300 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) ఇచ్చే 2.0 లీటర్ టర్బో మేలా, 350 పీఎస్ ఇచ్చే 2.5 మేలా అని రాత్రిళ్లు చదువుతూ కూర్చునేదాన్ని. కొనేది లేదు కాబట్టి ఎన్నాళ్లయినా తేల్చకుండా ఉండొచ్చు, అదో సుఖం. నిజంగా కొనే వేళకి వెనక సీట్లో అమ్మానాన్న కూర్చోవాలి, పొట్టంగి దగ్గర వానాకాలం గుంతలు దాటాలి, మొత్తం ఖర్చు 20 లక్షల చుట్టుపక్కల ఆగాలి. అలా ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ దగ్గర తేలాను. నాలుగు తలుపుల సెడాన్‌ని స్పోర్ట్స్ కారు అంటే నవ్వేవాళ్లు నవ్వనీ, మా రోడ్డుకి 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ముందు, అందం తర్వాత.

ఇందులో రెండు పెట్రోల్ ఇంజిన్లు, రెండూ టర్బోలే, అంటే లోపలికి గాలిని గట్టిగా నెట్టే ఏర్పాటు ఉన్నవి. 1.0 టీఎస్ఐ మూడు సిలిండర్లది, 999 సీసీ, 115 పీఎస్. 1.5 టీఎస్ఐ నాలుగు సిలిండర్లది, 1498 సీసీ, 150 పీఎస్. చిన్న ఇంజిన్ తీసుకుంటే జీఎస్టీ తగ్గుతుందని మా బంధువుల్లో ఒకాయన గట్టిగా చెప్పారు. అలా ఏం లేదు. పెట్రోల్ కారుకి ఆ రాయితీ రావాలంటే ఇంజిన్ 1200 సీసీ లోపు ఉండటంతో పాటు కారు పొడవు కూడా 4 మీటర్లు దాటకూడదు. వర్టస్ పొడవు నాలుగున్నర మీటర్ల పైనే.

మా నాన్న సునాబెడ హెచ్ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మిగ్ విమానాల ఇంజిన్లు చూసిన మనిషికి కారు బ్రోషర్ ఇస్తే ఏమంటారో అదే అన్నారు. "150 సరేనమ్మా, అది ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తాదో చూసేవా?" చూస్తే నిమిషానికి 5000 తిప్పుల పైన. ఘాట్‌లో ఆ స్పీడుకి ఇంజిన్‌ని ఎవరు తిప్పుతారు? ఆయన వేలు పెట్టి చూపించింది టార్క్ వరుస, అంటే ఇంజిన్ తిప్పే బలం. 1.0కి 178 న్యూటన్ మీటర్లు, 1750 నుంచి. 1.5కి 250, 1600 నుంచే. టర్బోలోని టర్బైన్‌ని తిప్పేది ఇంజిన్ వదిలే పొగే. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే పొగ చాలదు, టర్బైన్ వేగం అందుకోదు, లోపలికి గాలి నెట్టలేదు. అప్పుడు ముందుకు లాగాల్సింది ఒట్టి ఇంజినే. అది 1.0 అయితే వెయ్యి సీసీ బలం, అంతే.

అసలు టర్బో ఎందుకు, మామూలు 1.5 ఉన్న ఇంకో కంపెనీ సెడాన్ చాలదా అని కూడా ఆలోచించాను. మా ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి 100 మీటర్లకీ సుమారు ఒక శాతం బలం తగ్గుతుంది, గాలి పలచబడుతుంది కదా. టర్బో అయితే ఇంకాస్త గట్టిగా గాలి నెట్టి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. దాంతో ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

దమన్‌జోడిలో మా కొలీగ్ దగ్గర 1.0 మాన్యువల్ ఉంది. అడిగి తీసుకుని, అమ్మానాన్నని, మా మావయ్యని ఎక్కించుకుని సాలూరు దిగాను. తిరిగి ఎక్కేటప్పుడే అసలు పరీక్ష. ఎడమ మలుపు తిరిగి బయటికొచ్చేసరికి రెండో గేరులో 1300 ఆర్‌పీఎం. కాలు నొక్కాను. బండి కదులుతోంది గానీ లాగడం లేదు, మూడు సిలిండర్ల గురగుర మాత్రం పెడల్ దాకా తెలుస్తోంది. 1800 దాటగానే ఒక్కసారిగా అందుకుంది, ఈలోపు లారీ మళ్లీ నెమ్మదించింది, మళ్లీ మొదటికి. ఒకటో గేరుకి దించితే కుదుపు. వెనక మావయ్య, "ఏటమ్మా, నీళ్ల సీసా మూత తియ్యనివ్వవా" అన్నారు. చదునులో అదే బండి హాయిగా పరిగెడుతుంది, ఆ మాట చెప్పి తీరాలి. జయపురం, నవరంగపూర్ మధ్య తిరిగేవాళ్లయితే 1.0 తీసుకుని మిగిలిన డబ్బు దాచుకోవచ్చు.

1.5ని వైజాగ్‌లో చూశాను. షోరూం అబ్బాయి బీచ్ రోడ్డు అన్నాడు, నేను సింహాచలం కొండ అన్నాను. అప్పన్న దర్శనం అయినట్టూ ఉంటుంది, మలుపులూ చూసినట్టూ ఉంటుంది. పాపం, వచ్చాడు. అదే రెండో గేరు, దాదాపు అదే ఆర్‌పీఎం. అడగ్గానే లాగింది, గేరు దించాలన్న ఆలోచనే రాలేదు.

ఇంకో తగువు గేర్‌బాక్స్ మీద. 1.5కి ఆరు గేర్ల మాన్యువల్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్ రెండూ ఉన్నాయి. డీఎస్‌జీ గేర్లు మార్చే వేగం చూస్తే మతి పోతుంది. కానీ అందులో ఉన్నవి డ్రై క్లచ్‌లు. లారీ వెనక ఎక్కుతూ ఆగుతూ పాకితే క్లచ్ జారుతూ వేడెక్కుతుంది, చల్లార్చడానికి చుట్టూ నూనె ఉండదు. పైగా సర్వీసుకి దాదాపు 200 కిలోమీటర్లు వైజాగ్ వెళ్లాలి. మాన్యువల్‌లో క్లచ్ పాడైతే ఎలా మొదలవుతుందో నా కాలికే తెలుస్తుంది. మాన్యువలే రాయించాను.

ధరలో తేడా మాత్రం గట్టిగానే తగిలింది. పెద్ద ఇంజిన్ కావాలంటే పై వేరియంటే కొనాలి, అడగని సన్‌రూఫ్‌తో సహా. తాత్కాలిక నంబరుతో తెచ్చుకుని కోరాపుట్ ఆర్టీవోలో ఓడీ-10 వేయించుకున్నాం. లైఫ్ టాక్స్ కారు ధర మీద శాతం లెక్కన పడుతుంది కాబట్టి ఆ తేడా అక్కడ ఇంకోసారి కట్టాను. ఇన్సూరెన్స్‌లో మూడోసారి.

పెట్రోల్ సంగతి చాలామంది అడుగుతున్నారు. 1.5లో లోడు తక్కువున్నప్పుడు రెండు సిలిండర్లు వాటంతట అవే ఆగిపోతాయి, తెర మీద ఆ గుర్తు కనిపిస్తుంది. సెమిలిగుడ దాటి చదునుగా పోతుంటే లీటరుకి 17 దాకా ఇస్తోంది. సుంకి ఎక్కేటప్పుడు ఆ గుర్తు కనిపించనే కనిపించదు, 10 వస్తే గొప్ప.