రెండు తలుపుల రేంజ్ రోవర్

ఈరోజు ఇంగ్లండ్‌లో ల్యాండ్ రోవర్ కంపెనీ ఈ కార్లు తయారుచేసే సోలిహల్‌లో రెండు రేంజ్ రోవర్లు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. ఒకటి డెబ్బయ్యవ దశకం నాటి రెండు తలుపుల బండి, రెండోది ఇప్పటి అయిదో తరం. పొడవులోనే అరమీటరుకు పైగా తేడా!

1970లో వచ్చినప్పుడు లోపల ప్లాస్టిక్ సీట్లు, రబ్బరు చాపలు. బురద అంటితే పైపుతో నీళ్లు కొట్టి కడిగేసుకునేవారు. కంపెనీ నాలుగు తలుపులు పెట్టింది 1981లో.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 2012 నాటి మార్పు. బాడీ మొత్తం అల్యూమినియంతో చేసి, 420 కిలోల దాకా బరువు తగ్గించారు. తోలు సీట్లు, పెద్ద తెరలు ఎవరైనా పెట్టగలరు, ఇది మాత్రం అసలైన ఇంజనీరింగ్.

ఇన్ని మారినా వెనక తలుపు ఇప్పటికీ సగం పైకి, సగం కిందికి తెరుచుకుంటుంది. దాన్ని మాత్రం ఎప్పటికీ తీసేయకూడదు.