మూత తీసి చూపించు

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి “గురువులు నేర్పిన విలువలు” మీద రెండు పేజీలు రాయమన్నారు. విలువల సంగతి ప్రెసిడెంటుగారబ్బాయి చూసుకుంటాడు, పద్యాలతో సహా. గిన్నెల కొట్టువాణ్ణి, నాకు తెలిసింది గిన్నెల సంగతి. పైగా జూన్ వస్తోందంటే చాలు, మన గ్రూపులో ఒకటే గోల: “ఒరేయ్, మనవడికి ఏ లంచ్‌బాక్సు కొనమంటావు?” అందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. అచ్చులో పడితే ఇక నన్నడగరని ఆశ. హైదరాబాద్‌లో మన క్లాసు లీడరూ, దోహాలో పొడుగు సత్యం, వాయిస్ మెసేజీలు తప్ప ఒక్క అక్షరం టైపు చెయ్యని కోడేరు సుబ్బలక్ష్మి గారూ దీన్ని తప్పకుండా చదవాలి.

అయిదేళ్ళు చదివాం గానీ నాకు మిగిలిందల్లా మధ్యాహ్నం బెల్లు. ఎనిమిదో తరగతి అసలు జరిగిందా అని నాకు అనుమానం. తొమ్మిదిలో లెక్కలు ఎవరు చెప్పారో లీడర్ని అడగాలి. అదే బాదంచెట్టు కింద ఎవరి క్యారేజీ ఎక్కడ తెరుచుకునేదో అడగండి, ఇప్పుడే గీసి చూపిస్తాను. ముక్కామల వాళ్ళు మెట్ల మీద, కాకరపర్రు వాళ్ళు బోరింగు పక్కన, ఖండవల్లి వాళ్ళు సైకిల్ స్టాండులోనే, ఆడపిల్లలు వరండాలో మనవైపు వీపు పెట్టి. బుజ్జిబాబు మాత్రం మాగాయ వాసన ఎటు నుంచి వస్తే అటు.

మా నాన్న అజ్జరం ఇత్తడి సామాను సైకిల్ వెనక కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు కాబట్టి నాకు మూడు గిన్నెల ఇత్తడి క్యారేజీ. ఖాళీదే మోయలేకపోయేవాణ్ణి. లోపల కళాయి, అంటే తగరం పూత, నిగనిగలాడినన్నాళ్ళూ పర్వాలేదు. అది అరిగిందంటే మజ్జిగన్నం మధ్యాహ్నానికి కనరెక్కేది. పులుపు తగిలితే చిలుం. కళాయి పెట్టేవాడు ఊళ్ళోకి వచ్చేదాకా మా అమ్మ నాకు పప్పన్నం తప్ప మరోటి పెట్టేది కాదు. మీరంతా స్టీలు క్యారేజీలు టకటకమనిపిస్తుంటే నేను కుళ్ళుకున్న మాట నిజం. ఇప్పుడు అదే ఇత్తడి క్యారేజీకి హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి, బేరం కూడా ఆడకుండా కొనుక్కెళ్తున్నారు. అన్నం తినడానికి కాదులెండి, హాల్లో పెట్టుకోవడానికి.

ఇక సైన్సు మాస్టారు. నిజం చెప్పాలంటే ఆయన గురించి రాయడానికే ఈ వ్యాసానికి ఒప్పుకున్నాను. మిగతా మాస్టార్లు స్టాఫురూములో భోంచేస్తుంటే ఈయన చెవి మీద చాక్‌పీసు పెట్టుకుని చెట్టు కిందకి వచ్చేవారు. ఎవరి ముందు ఆగినా ఒకటే మాట: “మూత తీసి చూపించు.” మనమేమో ఏం కూర తెచ్చుకున్నామో చూస్తారనుకుని సిగ్గుపడేవాళ్ళం. ఆయన కూర వంక చూసేవారే కాదు. మన చేతుల వంక చూసేవారు.

దీని వెనక పొడుగు సత్యం కథ ఉంది. ఆరో తరగతిలో వాడే కదా అందరికంటే పొట్టి. రాజమండ్రి మేనమామ కొత్త స్టీలు క్యారేజీ కొనిచ్చాడు, బిగువంటే బిగువు. పొద్దున్న పొగలు కక్కే అన్నం పెట్టి మూత వేస్తే మధ్యాహ్నం వాడి చేతికి రాదు. అడిగితే నవ్వుతాం. అందుకని బెల్లు కొట్టగానే కాలవ రేవు వైపు వెళ్ళి, కాసేపు తిరిగి, చేతులు కడుక్కుని వచ్చేవాడు. క్యారేజీ నిండుగా ఇంటికెళ్ళేది. పాపం వాళ్ళమ్మ కూర బాగోలేదేమోనని పప్పు మార్చి చేపల పులుసు, అది మార్చి రొయ్యల వేపుడు పెట్టేది. రొయ్యల వేపుడు కూడా తిరిగొచ్చాక బడికొచ్చి మాస్టారి దగ్గర ఏడ్చింది. ఆ మధ్యాహ్నం మాస్టారు రేవుకి వెళ్ళి వాణ్ణి వెనక్కి తీసుకొచ్చారు. చెట్టు కింద అందరిముందూ క్యారేజీ పెట్టి “మూత తీసి చూపించు” అన్నారు. వాడు తీయలేకపోయాడు. ప్రెసిడెంటుగారబ్బాయి ప్రయత్నించాడు, ఖండవల్లి పహిల్వాన్ కాళ్ళ మధ్య పెట్టుకుని లాగాడు, ఎవరో డివైడరుతో పొడిచారు. రాలేదు. మాస్టారు టీకొట్టు నుంచి వేణ్ణీళ్ళు తెప్పించి మూత చుట్టూ పోశారు. టప్‌మని వచ్చింది.

మధ్యాహ్నం మొదటి పీరియడంతా దాని మీదే. బోర్డు మీద ఆయన గీసిన క్యారేజీ బొమ్మ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, గొళ్ళెంతో సహా గీశారు. వేడి ఆవిరి లోపలుండగా మూత బిగించారు. చల్లారితే ఆవిరి నీళ్ళవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, బయటి గాలి మూతని అదుముతుంది. మూత అడ్డంగా 10 సెంటీమీటర్లు, వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు కిలో. లోపల పూర్తి శూన్యమైతే మూత మీద దగ్గర దగ్గర 80 కిలోల బరువు. “అందులో పదో వంతే అనుకోండి. ఎనిమిది కిలోలు. వీడి చేతులు చూడండి” అన్నారు. క్లాసంతా సత్యం చేతుల వంక చూసింది. ఆ తరవాత ఎవరూ వాణ్ణి ఏడిపించలేదు, కనీసం ఆ విషయంలో.

గోంగూర సంగతి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా. బుజ్జిబాబు సత్తు క్యారేజీ మూతని మాస్టారు ఎండకేసి పట్టుకుంటే సూదిమొనంత బెజ్జంలోంచి వెలుతురు కనిపించింది. లోపలివైపు తెల్లటి గుంటలు, మశూచి మచ్చల్లా. అల్యూమినియం పైన సన్నటి ఆక్సైడు పొర ఉంటుందనీ, పులుపూ ఉప్పూ కలిసి దాన్ని తినేస్తాయనీ చెప్పి, “మీ అమ్మ పెట్టింది గోంగూర. నువ్వు తింటున్నది గోంగూరా, కాస్త గిన్నే” అన్నారు. అప్పుడు బుజ్జిబాబుకి పుట్టిన పేరు ఇక్కడ రాయను, ఆయన ఇప్పుడు పెద్దమనిషి.

86 ఆగస్టు గోదావరి వరదలు కూడా నాకు క్యారేజీలతోనే గుర్తు. తరగతి గదుల నిండా లంకల జనం. మాస్టారు మన ఇళ్ళకి కబురు పెడితే ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు వండి పంపారు. ఏ గిన్నె ఎవరిదో తేలక సెలవులయ్యాక చెట్టు కింద పెద్ద సంత. మా ఇత్తడి క్యారేజీ పై మూత ఇప్పటికీ దొరకలేదు. సుబ్బలక్ష్మి గారింట్లో ఉందని నా గట్టి నమ్మకం.

తణుకులో మా కొట్టు మీలో చాలామంది చూశారు. నాన్న సైకిల్ మీద మొదలైంది, ఇప్పుడు రెండంతస్తులు, అబ్బాయి చూసుకుంటున్నాడు. లంచ్‌బాక్సు కోసం ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ధర సంగతి కాదు, “పిల్లాణ్ణి తీసుకొచ్చారా?” అని. తీసుకొస్తే డబ్బా బిగించి చేతికిస్తాను. మూత తీసి చూపించు. మళ్ళీ పెట్టు. ఒకటో తరగతి పిల్ల తనంతట తను తీసి, పెట్టి, సంచీలో సర్దుకోగలిగితే అది పనికొచ్చే డబ్బా. లేకపోతే ఎంత ఖరీదైనదైనా అరలో ఉంచేస్తాను. అబ్బాయికి ఇది నచ్చదు, అమ్మకం పోతోందంటాడు.

రెండోది, అందులో కొంచెం నీళ్ళు పోసి, మూత పెట్టి, పేపరు మీద బోర్లించి ఊపండి. పేపరు తడిస్తే పప్పుచారు పుస్తకాల మీదికే. గదులున్న డబ్బాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, మధ్యగోడకీ మూతకీ సందు ఉంటే పులుసు పెరుగన్నంలోకి కాపరానికి వెళ్తుంది. దానికన్నా ఒకే గది డబ్బా, అందులో పట్టే చిన్న మూతగిన్నె ఒకటి నయం. మూతలోని రబ్బరు చేత్తో ఊడొచ్చేదై ఉండాలి. రోజూ తీసి కడిగి ఆరబెట్టకపోతే దాని కింద నల్లబూజు పడుతుంది. ఆ రబ్బరు విడిగా దొరుకుతుందా అని కూడా కొనేముందే అడగండి. నాలుగువైపులా ప్లాస్టిక్ గొళ్ళేలుండే రకంలో ముందు విరిగేది ఆ గొళ్ళెం కీలే.

స్టీలు సంగతి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. చవక, కానీ ఉప్పూ పులుపూ బాగా తగిలితే మచ్చలు పడే అవకాశం ఎక్కువ. మన ఇళ్ళలో చింతపండు లేని రోజుందా? చాలామంది జేబులో అయస్కాంతం వేసుకుని వస్తున్నారు. రెండు రకాలూ మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి దాంతో తేలేదేమీ లేదు. అడుగున ఐఎస్ఐ గుర్తు, రకం నంబరు చూడండి. స్టీలు పాత్రల ప్రమాణం ఐఎస్ 14756. ప్లాస్టిక్కే కావాలంటే అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్నది, అంటే పాలీప్రొపిలీన్. పసుపు మరకా ఆవకాయ వాసనా దాన్ని వదలవు, గీతలు పడ్డాక మార్చెయ్యాలి.

వేడిగా ఉండే డబ్బాల కోసం అందరికీ మోజే. రెండు గోడల మధ్య గాలి తీసేసినవి బాగానే పని చేస్తాయి, కాకపోతే ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలుంచి, పారబోసి, అప్పుడు పొగలు వచ్చే అన్నం పెట్టాలి. గోరువెచ్చటి అన్నం పెట్టి బిగించడం అన్నిటికంటే చెడ్డపని. మా అమ్మాయి రంగరాయలో మెడిసిన్ చదివింది, ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు క్లాసు పీకుతుంది: అన్నంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవట, 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ ఉంటే పెరుగుతాయట. అందుకని వేడి నిలవని డబ్బాలోకైతే పొద్దున్న వండినదాన్ని పళ్ళెంలో పరిచి, ఆవిరి పోయాక సర్ది, ఆలస్యం చెయ్యకుండా పంపండి. సత్యం సమస్యా ఉండదు. పెరుగన్నమైతే మన అమ్మలు చేసినట్టే, మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి చెంచాడు పెరుగు కలపడం. బెల్లు కొట్టే వేళకి కమ్మగా తోడుకుంటుంది.

బరువు కూడా చూడండి. పిల్లల సంచీ వాళ్ళ బరువులో పదో వంతు మించకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. ఇరవై కిలోల పిల్లకి రెండు కిలోలు. మూడంతస్తుల ఫ్లాస్కు డబ్బా, లీటరు నీళ్ళ సీసా కలిస్తే పుస్తకాలకి చోటేదీ? ఒకటీ రెండూ తరగతులకి నాలుగు వందల మిల్లీలీటర్ల డబ్బా చాలు. “వాడు బాగా తింటాడండీ” అని నాయనమ్మలు పెద్దది అడుగుతారు. సగం తిరిగొచ్చాక మళ్ళీ మా కొట్టుకే వస్తారు, నాకేం.

కమిటీ వాళ్ళు మన స్కూలు పిల్లలందరికీ లంచ్‌బాక్సులు పంచుదామన్నారు. నేనే వద్దన్నాను. ఇప్పుడు బళ్ళోనే వండిన భోజనం పెడుతున్నారు. 2024 నుంచి ఆ పథకానికి లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు, వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన తల్లి. ఆ పిల్లలకి డబ్బా ఎందుకు, అంచు ఎత్తుగా ఉన్న కంచమూ మంచినీళ్ళ గ్లాసూ కావాలి గానీ. అవి ఆరో తరగతి నుంచి పది దాకా అందరికీ సరిపడా మా కొట్టు నుంచి వస్తున్నాయి. ట్రెజరరు గారు బిల్లు అడగవద్దని మనవి.

మనవలకి డబ్బాలు కావలసినవాళ్ళు కొట్టుకి రండి, పిల్లల్ని వెంటపెట్టుకుని. బ్యాచ్ వాళ్ళకి రేటులో తగ్గింపు అడగకండి, అబ్బాయి ఒప్పుకోడు. పేరు చెక్కడం మాత్రం ఉచితం, నేనే చెక్కుతాను. బడిపేరే చెక్కుతాను, ముద్దుపేర్లు చెక్కను. ఎందుకో బుజ్జిబాబుని అడగండి.