ఆరు నెలల మాత్రలు, ఆదివారపు సహవాసం

టీబీ వచ్చిన విశ్వాసికి సంఘంలో అందరికన్నా ముందు అందేది ప్రార్థన. కావలసిందే. కానీ మూడో నెలలో, జ్వరం పోయి ఆకలి పుట్టి, మాత్రలు ఇంకెందుకులే అనిపించే రోజుల్లో ఆ సంఘమే ఇంకో పని చెయ్యాలి: మాత్రలు ఆగకుండా చూడాలి. చాలాచోట్ల చెయ్యదు. ఎందుకు చెయ్యదో, ఎలా చెయ్యొచ్చో రోగిగా నాకు తెలిసినంత రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. పసితనంలో బాప్తిస్మం, హైస్కూల్లో కన్ఫర్మేషన్, ఆపైన క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ కనబడి వెళ్ళే హాజరు. నడివయసులో ఊపిరితిత్తుల టీబీ వచ్చాకే సంఘంలో మనిషినయ్యాను. నా సంగతి ఇంతే.

టీబీ గుర్తులు ఇవి: రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట పట్టే జ్వరం, రాత్రి చెమటలు, తగ్గే బరువు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో ఈ చివరిది దొంగలా తప్పించుకుంటుంది, ఉపవాసాల వల్ల చిక్కిపోయామనుకుంటాం. అనుమానం వస్తే ప్రభుత్వ ఆస్పత్రిలో కఫం పరీక్ష ఉచితం. రెండు నమూనాలు అడుగుతారు: ఒకటి వెళ్ళినప్పుడే, ఇంకొకటి తెల్లవారి లేవగానే. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. డబ్బాలో ఉమ్మి పోస్తే పరీక్ష పనికిరాదు. నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుంచి దగ్గి తీసిన చిక్కని కఫం కావాలి. అదీ ఆరుబయట, మనుషులకు దూరంగా. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి ఉందో లేదో చెప్పడమే కాదు, టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఈ రెండో జవాబు రాకుండా మందు మొదలైతే అది వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.

మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిసిన మాత్ర. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ. ఎన్ని మాత్రలో బరువును బట్టి ఉంటుంది: పెద్దవాళ్ళలో 35 నుంచి 49 కిలోలకు రోజుకు మూడు, 50 నుంచి 64 కిలోలకు నాలుగు. అన్నీ ఒకేసారి, రోజూ ఒకే వేళకు, పరగడుపున. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, అది రిఫాంపిసిన్ పని, భయం లేదు. కీళ్ళ నొప్పులు పైరజినమైడ్ వల్ల, అరికాళ్ళ తిమ్మిర్లు ఐసోనియజిడ్ వల్ల. తిమ్మిర్లకు పిరిడాక్సిన్ (బి6 విటమిన్) ఇస్తారు. రంగులు సరిగ్గా తెలియకపోయినా, చూపు మసకబారినా ఇథాంబుటాల్ సంగతి చూడాలి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కళ్ళు పచ్చబడితే మాత్రలు ఆపి నేరుగా ఆస్పత్రికి. మనవైపు ఈ ఘట్టంలో కామెర్ల పసరు పోయించడానికి పొరుగూరు తీసుకుపోయే చుట్టాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. కాలేయం దెబ్బతింటున్నది మందు వల్ల. ఏ మాత్ర కారణమో తేల్చి, రక్తపరీక్షలు చూస్తూ ఒక్కొక్కటీ మళ్ళీ మొదలుపెట్టాల్సింది డాక్టరు. పసరు తాగి వారాలు పోగొట్టుకుంటే అటు కాలేయమూ పోతుంది, ఇటు టీబీ తిరగబెడుతుంది.

ఉపవాస ప్రార్థన సంగతి. శుక్రవారం పదింటికి మొదలై మధ్యాహ్నం రెండు మూడింటిదాకా సాగే కూడికలో మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళున్నారు. పొద్దున మాత్రలు వేసుకుని అలా కూర్చుంటే వికారం, వాంతి, కళ్ళు తిరగడం తప్పవు. వాంతయితే ఆ రోజు మోతాదు నిలిచిందో లేదో అనుమానం. మాత్ర వేసుకున్న గంటకు తినాలి, తినడమే రోగి వంతు. రోగి పేర ఇంకెవరైనా ఉపవాసం ఉంటే మంచిది, సంఘంలో అలా ఉండేవాళ్ళకు కొదవలేదు. షుగరు ఉన్నవాళ్ళు ఈ ఆరు నెలలూ ఉపవాసం జోలికే పోకూడదు.

ఆరాధనకు ఎప్పుడు రావచ్చు? మందుకు లొంగే టీబీ అయితే సాధారణంగా రెండు వారాలు మాత్రలు సరిగ్గా పడ్డాక, డాక్టరు సరేనన్నాక. మందులకు లొంగని మొండి టీబీకి ఈ లెక్క పనికిరాదు. టీబీ గాలి ద్వారా సోకుతుంది, పళ్ళెం వల్లో గిన్నె వల్లో సోకదు. అందుకని ప్రభు బల్ల దగ్గర అందరూ తాగేది ఒకే గిన్నె అని రోగిని వెనక్కి పంపడం అర్థం లేని పని. మనం జాగ్రత్తపడాల్సింది పాట దగ్గర. గొంతెత్తి పాడేటప్పుడు మాట్లాడేటప్పటికన్నా ఎక్కువ తుంపరలు గాలిలోకి వెళతాయి. తలుపులు బిగించిన హాల్లో ఆల్‌నైట్ ప్రేయర్ అంటే రాత్రంతా అదే గాలి. ఎత్తయిన కప్పు, నిలువెత్తు కిటికీలు ఉన్న పాత మిషను గుళ్ళు ఈ విషయంలో కొత్త ఏసీ హాళ్ళకన్నా మేలు. ఏసీ కోసం చందాలు పోగుచేస్తున్న కమిటీలకు ఈ మాట రుచించదని తెలుసు. కిటికీలు తెరవండి, దగ్గేవారికి మాస్కు ఇచ్చి కిటికీ పక్కన కుర్చీ వెయ్యండి.

గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి: మందులు రాకముందు ఇదే చికిత్స. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి 1915లో తెరిచిన శానటోరియం (టీబీ రోగులను ఉంచి చూసే ఆస్పత్రి) అలాగే నడిచింది. డేనిష్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి పెద్ద. మందులు వచ్చాక, 1950ల చివర మద్రాసులో జరిగిన పరిశోధన ఇంట్లో ఉండి మందు వాడినా శానటోరియంలో వాడినంతగానే నయమవుతుందని తేల్చింది. అలా రోగి ఇంట్లోనే ఉండిపోయాడు. రోజూ మందు వేసుకుంటున్నాడో లేదో చూసే నర్సు మాత్రం అతని వెంట ఇంటికి రాలేదు. సంఘం చెయ్యాల్సిన పని అదే.

స్త్రీల సమాజంలోనో యౌవనస్థుల్లోనో ఒకరు రోజూ మాత్రల వేళకు ఫోను చెయ్యడం, వారానికోసారి వెళ్ళి ఖాళీ స్ట్రిప్పులు చూడటం. పాస్టరు అయ్యగారు చెయ్యనక్కర్లేదు, పట్టుదల ఉన్న మామూలు మనిషి చాలు. తిండికి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేసింది, బ్యాంకు ఖాతా వివరాలు తప్పు పడితే ఆ డబ్బు ఆగిపోతుంది. టీబీ రోగులకు సాయం చేసే దాతగా, అంటే నిక్షయ్ మిత్రగా, నమోదైతే సంఘమే రోగికి నెలనెలా సరుకులు ఇవ్వొచ్చు. పెద్దవారికి సూచించిన బుట్టలో ధాన్యం 3 కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె పావుకిలో, పాలపొడి లేదా వేరుసెనగలు కిలో ఉంటాయి, వీలైతే 30 గుడ్లు. రోగి ఒప్పుకుంటేనే. బలిపీఠం ముందు నిలబెట్టి ఫోటో తీయించి ఇచ్చే బుట్ట కన్నా ఇవ్వకపోవడమే మర్యాద.

ఇక స్వస్థత పొందామని సంఘం ముందు నిలబడి చెప్పే సాక్ష్యాలు. ఒకటి రెండు నెలలు మాత్రలు పడేసరికి ఎక్కువమందికి దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. అప్పుడు మైకు చేతికిస్తే "ప్రభువు నన్ను పూర్తిగా ముట్టాడు, మందులు మానేశాను" అని చప్పట్ల మధ్య చెప్పిన మనిషి మళ్ళీ మాత్ర ముట్టుకోవడానికి సిగ్గుపడతాడు. తేలిగ్గా చచ్చే క్రిములు చచ్చాయి, మెల్లగా పెరిగేవి ఇంకా మిగిలున్నాయి. ఆ మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఆపుతూ వేసుకుంటూ ఉంటే మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. కాబట్టి చివరి కఫం పరీక్ష కాగితం చూడకుండా టీబీ స్వస్థత సాక్ష్యానికి ఎవరికీ మైకు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇది అవిశ్వాసమనేవాళ్ళకు లేఖనమే చూపించాలి. యాకోబు పత్రిక 5లో పెద్దలు నూనె రాసి ప్రార్థించమని ఉంది, మందు మానమని లేదు. హిజ్కియా రాజు పదిహేనేళ్ళ ఆయుష్షు వాగ్దానం పొందాక కూడా యెషయా ప్రవక్త అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. పౌలు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో జబ్బుగానే విడిచివచ్చాడు, తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. మా గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ మిషనరీయే, డాక్టరే.

చికిత్స ముగిశాక రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో వాళ్ళను, ముఖ్యంగా అయిదేళ్ళలోపు పిల్లలను మొదట్లోనే చూపించి, జబ్బు లేదని తేలితే రాకుండా ఇచ్చే మందు అడగాలి. క్వయర్‌లో పాడేవాళ్ళకు ఒక మాట: ఊపిరితిత్తుల్లో మచ్చ మిగిలితే పొడవాటి చరణాలకు శ్వాస చాలదు. నేను చరణం మధ్యలో ఆగుతాను, పల్లవికి కలుస్తాను, పక్కవాళ్ళు ఆ ఖాళీ నింపుతారు.